పోయిందనుకున్న కట్నాల లెక్క దొరికింది!

పెళ్లి చేసిన ఇంట్లో చివరికి మిగిలేవి ఏమిటో మీకు తెలియనిది కాదు. డబ్బా అడుగున విరిగిన లడ్డూలు, టెంట్ హౌస్ బాకీ, ఎవరివో తెలియని రెండు స్టీలు గ్లాసులు, కట్నాల పుస్తకం! మిగతావన్నీ నెల రోజుల్లో సర్దుకుంటాయి. కట్నాల పుస్తకం మాత్రం ఇరవై ఏళ్లు బీరువాలో ఉంటుంది.

కట్నాలంటే వరకట్నం అనుకునేరు! మా తాండూరు వైపు పెళ్లిలో చుట్టపక్కాలు పెట్టే డబ్బులనూ బట్టలనూ కట్నాలనే అంటాం. కోస్తా వాళ్లు చదివింపులంటారు. పందిట్లో ఒక పక్క కుర్చీ వేసుకుని ఒకాయన పుస్తకంలో రాస్తుంటాడు, ఇంకొకాయన మైకులో చదువుతుంటాడు. పేరు, ఊరు, ఎంత. మనింటికి 516 పెట్టినవాళ్లకు వాళ్లింట్లో పెళ్లయినప్పుడు మనం 616 అయినా పెట్టాలి. తక్కువ పెడితే మాట పడాలి. మరీ ఎక్కువ పెడితే గొప్పలకు పోతున్నారంటారు. ఈ లెక్క మగవాళ్లకు పట్టదు. "ఎంత పెట్టాల్నో చూసి చెప్పు" అని చొక్కా వేసుకుంటూ అడుగుతారు, అంతే. గుర్తు పెట్టుకోవాల్సింది మనమే.

అలాంటి లెక్క మా ఇంట్లో తప్పింది. ఎట్లా తప్పింది, మళ్లీ ఎట్లా దొరికింది అనేదే ఈ నాలుగు మాటలు. మీలో చాలామంది ఇప్పుడు పాల లెక్కా, చిట్టీ లెక్కా, సంఘం లెక్కా ఫోన్‌లోనే రాస్తున్నారు కనుక పనికొస్తుందని రాస్తున్నాను.

2024 మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. కట్నాల పుస్తకంలో 412 పేర్లు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా పెద్దోడు సెలవుల్లో వచ్చినప్పుడు, "అమ్మా, ఇది పుస్తకంలో ఉంటే చెదలు తింటయ్. షీట్‌లో ఎక్కిస్తా" అన్నాడు. గూగుల్ షీట్స్ అని ఉంది కదా, గళ్ల గళ్ల కాగితం లాంటిది. రెండు రోజులు నేను చదువుతుంటే వాడు తెలుగులోనే కొట్టాడు. మొదటి గడిలో పేరూ ఊరూ, రెండో గడిలో డబ్బు, మూడో దాంట్లో వస్తువు, నాలుగో దాంట్లో మేం తిరిగి పెట్టింది, ఐదో దాంట్లో నేను రాసుకునే ముచ్చట్లు. లాప్‌టాప్‌లో కొట్టినది నా ఫోన్‌లోనూ కనిపించేసరికి నాకు భలే ముచ్చటేసింది. పెళ్లికి పోయే ముందు ఆటోలో కూర్చుని ఫోన్ తీసి చూసుకునేదాన్ని.

ఆ వానాకాలంలో మా వెనక అర్ర కురిసింది. పెట్టెలో ఉన్న కట్నాల పుస్తకం తడిసి, సిరా పాకి, అట్ట కింద బూజు పట్టింది. షీట్ ఉంది కదా అని ధీమాగా పారేశాను. చూశారా నా తెలివి!

వినాయక చవితికి పెద్దోడు లాప్‌టాప్‌తో సహా ఇంటికొచ్చాడు. మా చిన్నోడు తొమ్మిదో తరగతి. బళ్లో కంప్యూటర్ నేర్పుతున్నారని వాడికి కొత్త ఉత్సాహం. "అమ్మా, పేర్లు అ నుంచి హ దాకా వరసగా పెడితే నీకు తొందరగా దొరుకుతయ్" అని అన్న లాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాడు. పేర్ల వరస ఒక్కటే ఎంచుకుని, సార్ట్ రేంజ్ అనేది నొక్కాడట. పేర్లు చక్కగా అక్షర క్రమంలోకి వచ్చాయి. పక్కనున్న డబ్బు, వస్తువు, మిగతా గళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి! సార్ట్ షీట్ అనేది నొక్కి ఉంటే వరస వరసంతా కలిసి కదిలేదట. మాకేం తెలుసు? వాడు చూపిస్తే, "శభాష్ బిడ్డా" అని చేతిలో రెండు ఉండ్రాళ్లు పెట్టాను కూడా.

అప్పటి నుంచి డిసెంబర్ దాకా పదకొండు పెళ్లిళ్లకు పోయాం. ఫోన్ తీయడం, పేరు వెతకడం, పక్కనున్న అంకెకు వంద కలిపి పెట్టడం. 116 చూసినా 1,116 చూసినా అనుమానం ఎందుకొస్తుంది? అందరూ పెట్టేవే అవి.

డిసెంబర్ మొదటి వారంలో ఒక పెళ్లి. పెళ్లికొడుకు తల్లి మావారికి దూరపు చుట్టం, నాకు వరసకు అక్క. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. తాండూరులో బండలు పాలిష్ చేసే దగ్గర కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. నాపరాయి దుమ్ములో పని ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో ఆమె పేరు పక్కన 116 అని ఉంది. 216 పెట్టాం. మైకులో చదివారు కూడా, ఊరి పేరుతో సహా.

తిరిగొచ్చేటప్పుడు మా యారాలు ఆటోలో మెల్లగా అడిగింది. "అక్కా, గట్లెట్ల పెట్టినవ్? ఆమె మనింటికి రెండు వేల నూట పదహార్లు పెట్టింది. చీర గూడ తెచ్చింది. నేను పక్కనే నిల్చున్న."

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. ఫోన్ తీసి షీట్ పై నుంచి కిందికి చూశాను. మా తమ్ముడి పేరు పక్కన 116 ఉంది. వాడు మేనకోడలికి పెట్టిన అర తులం ఉంగరం మా పాలాయన పేరు పక్కన ఉంది! అప్పుడు అర్థమైంది... ఒక్కటి కాదు, 412 పేర్లూ తారుమారయ్యాయని. పుస్తకమా, పారేశాను. కళ్ల ముందు గిర్రున తిరిగింది. పదకొండు ఇళ్లలో ఎవరికి తక్కువ పెట్టామో, ఎవరేం అనుకుంటున్నారో!

పొద్దున్నే పెద్దోడికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. వాడు తాపీగా, "అమ్మా, దేన్నీ ముట్టకు. పాతది అందులోనే ఉంటది" అన్నాడు.

ఎక్కడ ఉంటుంది? నాకు రాగానే వచ్చిన అనుమానం ఇదే. తుడిచేసి కొత్తది రాశాక పాతది ఇంకెక్కడ ఉంటుంది? వాడు చెప్పినదాన్ని నాకు అర్థమైన తీరుగా చెబుతాను. క్లౌడ్ అంటే మబ్బు. కానీ మన లెక్క మబ్బులో ఏమీ ఉండదు. ఆ కంపెనీ వాళ్ల పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది, మనం ఇంటర్నెట్ మీద తెరిచి చూస్తాం. గూగుల్ డ్రైవ్ అనేది 2012 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక అకౌంట్‌కు జీమెయిలూ ఫోటోలూ అన్నీ కలిపి 15 జీబీ ఊరికే ఇస్తారు. షీట్‌లో మనం ఒక గడి మార్చామనుకోండి, పాత గడి మీద సున్నం కొట్టినట్టు కొట్టి కొత్తది రాయదు. ఎప్పుడు ఎవరు ఏం మార్చారో తేదీతో, గంటతో సహా దాచుకుంటుంది. ఒక్కో దశను ఒక వెర్షన్ అంటారు.

మన పహాణీ గుర్తొచ్చింది నాకు. ఏ ఏడు పహాణీ ఆ ఏడుదే. ఈ ఏడు పేరు మారినా పోయిన ఏడు కాగితం మారదు. అందుకే ఇవాళ్టికీ 1954-55 ఖాస్రా పహాణీ నకలు కావాలని తిరిగేవాళ్లున్నారు. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. మా మామ మాత్రం పాత పహాణీ నకళ్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలం మీద పెట్టాడు. పాతది చేతిలో ఉంటేనే కొత్తదాంట్లో తప్పు ఎక్కడ పడిందో చూపించగలం కదా.

సరే, అసలు పనికొద్దాం. నా ఫోన్‌లో వెతికితే నాకు దారి దొరకలేదు. పెద్దోడికి పరీక్షలు. పైగా, "ఏ పేరుకు ఎంతనో నాకేం తెలుసమ్మా, నువ్వు పక్కన ఉండాలె" అన్నాడు. అదీ నిజమే. మా వాడకట్టులో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. వాళ్లింట్లో లాప్‌టాప్ ఉంది. నేనూ, సాక్షిగా మా యారాలూ పోయి కూర్చున్నాం.

షీట్ తెరిచాక పైన ఎడమ పక్క ఫైల్ అని ఉంటుంది. అది నొక్కితే కిందికి ఒక జాబితా దిగుతుంది. అందులో వెర్షన్ హిస్టరీ, దాని పక్కన సీ వెర్షన్ హిస్టరీ. నొక్కగానే కుడి పక్కన తేదీల వరస వచ్చింది. పైన కొత్తవి, కిందికి పోయినకొద్దీ పాతవి. తేదీ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటే అది నొక్కాలి, ఆ రోజు జరిగిన మార్పులు గంటల వారీగా విడిపోతాయి. ఏదైనా తేదీ నొక్కితే ఆ రోజు షీట్ ఎట్లా ఉందో అట్లాగే తెర మీదికొస్తుంది. ఎవరు మార్చిన గళ్లు వాళ్ల రంగులో కనిపిస్తాయి. ఇక్కడ భయపడాల్సిన పని లేదు. ఊరికే చూడటం వల్ల ఏదీ మారదు. పైన ఎడమ పక్కనున్న బాణం నొక్కి వెనక్కి వచ్చేయొచ్చు.

మేం కిందికి, కిందికి పోయాం. డిసెంబర్, నవంబర్, అక్టోబర్... వినాయక చవితి రోజు కనిపించింది. పేర్ల వరస మొత్తం ఒకే రంగు! చిన్నోడి చేతి పని. దాని కింది తేదీ నొక్కాం. మా తమ్ముడి పేరు పక్కన ఉంగరం. అక్క పేరు పక్కన 2,116, చీర. మా యారాలు చప్పట్లు కొట్టింది.

ఇక్కడ ఒక నవ్వులాట కూడా జరిగింది, చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. ఐదో గడిలో నేను ముచ్చట్లు రాసుకుంటానన్నాను కదా. పెళ్లయిన కొత్తలో ఒకరి పేరు పక్కన "చీర ఒక్క ఉతుక్కే రంగు పోయింది" అని రాసి, మంచిది కాదని తర్వాత తుడిచేశాను. పాత వెర్షన్ తెరవగానే అది తెర మీద ప్రత్యక్షం! ఆ చీర పెట్టింది ఎవరనుకున్నారు? మా యారాలి తల్లిగారే. ఆమె చదివింది, నా ముఖం చూసింది, ఏమీ అనలేదు. రెండు రోజులు చాయ్‌కి మాత్రం రాలేదు. కనుక సోదరీమణులారా, తుడిచేశాం కదా అనుకోకండి. మన ఫైలును మార్చే హక్కుతో ఎవరికైనా ఇస్తే, వాళ్లు పాత వెర్షన్లు కూడా చూడగలరు. చూసే హక్కు మాత్రమే ఇస్తే అవి కనిపించవు. పాత సంగతులు తెలియకుండా ఇవ్వాలంటే ఫైలుకు కాపీ తీసి ఆ కాపీ ఇవ్వాలి. కాపీకి పాత చరిత్ర అంటదు.

సరే, పాత వెర్షన్ దొరికింది. పైన రీస్టోర్ దిస్ వెర్షన్ అని మీట ఉంది. నేను నొక్కమన్నాను. ఆ అమ్మాయి చేయి ఆపింది. "ఆంటీ, ఇది నొక్కితే షీటంతా చవితి ముందుకు పోతది. ఆ తర్వాత మీరు రాసిన పదకొండు పెళ్లిళ్ల లెక్క కనబడదు" అంది. నిజమే సుమండీ! తొందరలో నొక్కేవాళ్లం. నొక్కినా కొంప మునగదనుకోండి, రీస్టోర్ చేసినప్పుడు మొన్నటిదాకా ఉన్నది కూడా ఒక వెర్షన్‌గా జాబితాలో ఉంటుంది, మళ్లీ దానికి రావచ్చు. కానీ అటూ ఇటూ తిరిగి మనమే గందరగోళపడతాం. ఆ అమ్మాయి తేదీ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి మేక్ ఎ కాపీ అన్నదాన్ని ఎంచింది. చవితి ముందు రోజు లెక్క వేరే ఫైలుగా వచ్చింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఆ పదకొండు ఇళ్లకు మేం పెట్టింది ఒక్కొక్కటీ చూసి కొత్త కాపీలో ఎక్కించాం. గంటన్నర పట్టింది. పదకొండింట్లో ఆరింటికి తక్కువ పెట్టాం, మూడింటికి ఎక్కువ, రెండు మాత్రం దేవుడి దయవల్ల సరిపోయాయి.

వచ్చేముందు మూడు చుక్కల దగ్గరే నేమ్ దిస్ వెర్షన్ నొక్కి, "సరిచూసిన పెళ్లి లెక్క" అని పేరు పెట్టించుకున్నాను. ఇది తప్పకుండా చేయండి. పేరు పెట్టని వెర్షన్లను కొన్నిసార్లు ఒకదాంట్లో ఒకటి కలిపేస్తారట. పైగా వంద తేదీల్లో వెతికే పని ఉండదు. లాప్‌టాప్ మనది కాదు కనుక నా అకౌంట్ నుంచి బయటికి వచ్చామో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

మూడు నెలల కిందటిది అంత చక్కగా దొరకడానికి ఒక కారణం ఉంది. ఆ లెక్క గూగుల్ షీట్‌లోనే పుట్టింది. గూగుల్ డాక్స్‌లో రాసిన కాగితాలకూ అంతే. అదే బయట ఎక్సెల్‌లోనో వర్డ్‌లోనో చేసిన ఫైలూ, పీడీఎఫ్ కాగితమూ, ఫోటో డ్రైవ్‌లో పెట్టి, దాని మీదే కొత్తది ఎక్కించారనుకోండి, పాతవి 30 రోజులే ఉంటాయి, లేదా వంద వెర్షన్లు దాటితే పోతాయి. వాటిని చూడాలంటే డ్రైవ్‌లో ఆ ఫైలు మీద కుడి మీట నొక్కి మేనేజ్ వెర్షన్స్ అన్న చోటికి పోవాలి. ముఖ్యమైనదైతే అక్కడే కీప్ ఫరెవర్ అని పెట్టుకోవచ్చు. డ్రాప్‌బాక్స్‌లో డబ్బు కట్టని వాళ్లకు 30 రోజులు. మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్‌లో సొంత అకౌంట్‌కు చివరి 25 వెర్షన్లు ఉంచుతారు. ఫైలే మొత్తం చెరిపేస్తే అది వేరే సంగతి. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు పడి ఉంటుంది, ఈలోగా తీసుకోవాలి.

వాట్సాప్ బ్యాకప్ కూడా ఇట్లాగే అనుకునేరు, కాదు! ఆండ్రాయిడ్ ఫోన్లలో అది గూగుల్ అకౌంట్‌కు పోతుంది కానీ, ఇవాళ్టి బ్యాకప్ నిన్నటి దాని మీద కూర్చుంటుంది. నిన్నటిది కావాలంటే రాదు. చిట్టీ లెక్కలు వాట్సాప్‌లో మెసేజీలుగా దాచుకునే అక్కచెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. సంఘం లెక్కలు పదిమంది చేతులు పడేవి కనుక వాటికి షీటే మేలు. ఎవరు ఏ అంకె మార్చారో రంగుతో సహా తెలుస్తుంది. గొడవ పడాల్సిన పనీ లేదు, అనుమానించాల్సిన పనీ లేదు.

వంటకూ పనికొచ్చిందంటే నమ్ముతారా? మా అత్తమ్మ చెప్పిన ఆవకాయ కొలతలు డాక్స్‌లో రాసి పెట్టాను. మా అమ్మాయి అత్తారింటి నుంచి, బీపీ మనిషివి ఇంత ఉప్పా అని దిద్ది సగానికి సగం తగ్గించింది. అది చూసి పెట్టిన జాడీ నెల తిరక్కుండా బూజు పట్టింది. అత్తమ్మ ఇప్పుడు లేదు, అడుగుదామంటే. ఇదే దారిన పోయి ఆమె కొలత మళ్లీ తీసుకున్నాను. ఉప్పు తక్కువ కావాలంటే తక్కువ తినాలి గానీ ఊరగాయలో తగ్గిస్తారా ఎక్కడన్నా!

లెక్క సరిపోయింది. మరి పెట్టిన మాట? తక్కువ పెట్టిన ఆరిళ్లకు పోయి, "ఇదిగో మిగతాది" అని చేతిలో పెడితే అంతకంటే అవమానం లేదు. ఎక్కువ పెట్టిన వాళ్ల సంగతి సరే, వచ్చే పెళ్లికి వాళ్లు పెడతారు. మావారూ నేనూ ఆలోచించి, సంక్రాంతికి ఆ ఆరు కొత్త జంటలనూ అన్నానికి పిలిచి బట్టలు పెడదామనుకున్నాం. ఐదిళ్లకు ఫోన్ చేశాం. అక్క ఇంటికి మాత్రం నేనే పోయాను.

ఆమె అప్పుడే పని నుంచి వచ్చింది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి బండ దుమ్ము. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చిన్నోడు పేర్లు కదిలించింది, ఫోన్‌లో 116 చూసింది, లాప్‌టాప్‌లో 2,116 దొరికింది. ఆమెకు షీటూ వెర్షనూ ఎంత అర్థమయ్యాయో తెలియదు. అంతా విని, "పైసల కోసం కాదు చెల్లె. మైకుల చదివినంక మా మరిది నవ్విండు. మనల్ని గింతే చూస్తరా వాళ్లు అన్నడు. మరిచిపోయిన్రేమో అనుకున్న. ఇంకేం అనుకోలె" అంది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. కొడుకూ కోడలూ పండక్కి వస్తారని చెప్పింది. బయల్దేరుతుంటే సంచిలో రెండు కిలోల కందిపప్పు పోసింది, వాళ్ల అన్న చేలో పండిందట. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పటి నుంచి మా వైపు పప్పు ఎవరైనా ఇస్తే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఆ రోజు మాత్రం సంచి బరువుగా అనిపించింది.

పండక్కి ఆరు జంటలూ వచ్చాయి. అందరిలో ముందు ఆమె కోడలికే చీర పెట్టాను, మా యారాలు చూస్తుండగా. నాసిరకం కాదు, తాండూరు పోయి నేనే ఏరి తెచ్చాను. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక ఫోన్ తీసి అక్క పేరు ముందు నాలుగో గడిలో రాసుకున్నాను: చీర, ధోవతి, 2,000. చిన్నోడు వచ్చి భుజం మీంచి తొంగి చూశాడు.

"అమ్మా, సార్ట్ చేయాల్నా?" అన్నాడు.

వీపు మీద ఒక్కటిచ్చాను.